ఇంట్లో ఎవరు చదివిస్తారు?

"పిల్లల్ని ఇంట్లో కూచోబెట్టి చదివించండి" అంటారు మమ్మల్ని. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టబోతే చాలు, ఈ మాట తప్పదు. మంచి మాటే. కాదన్నదెవరు? కాకపోతే ఏ ఇంట్లో? ఎవరు కూచోవాలి? ఏ భాషలో?

రామగిరి ఖిల్లా నీడ నుంచి గోదావరిఖని దాకా మా బతుకులు షిఫ్టులతో నడుస్తాయి. రాత్రి షిఫ్టు దిగినవాడు పగలు పడుకుంటాడు. ఉన్న ఒక్క గదిలో అబ్బా నిద్రపోతుంటే పిల్ల పాఠం పైకి చదవగూడదు. అమ్మీ మేలుకునే ఉంటది. ఖురాన్ చదువుతది, ఇంటి లెక్క నోటితో కడతది, తెలుగు వాచకం మాత్రం చదవలేదు. బడి లెక్కలో ఆమె చదువురానిది.

గనిలోకి దిగేవాడికి ల్యాంపు రూములో లైటిస్తారు. ఇంటి నుంచి దీపం తెచ్చుకొమ్మని ఎవరూ అనరు. బడి మాత్రం వెలుగు ఇంటి నుంచే తెచ్చుకొమ్మంటుంది. లేనివాళ్లది తప్పంటుంది.

మా పిల్ల ఎనిమిదేళ్లకే దవాఖానాలో అమ్మీకీ డాక్టరుకూ మధ్య దుబాసీ. రేషన్ షాపులోనూ అంతే. ఆ పిల్లే క్లాసులో "తెలుగులో వీకు". "అబ్బా వచ్చింది" అంటుంది, అందరూ నవ్వుతారు. ఉర్దూలో కితాబ్ ఆడది, కలమ్ మగది. తెలుగులో అమ్మా, పుస్తకమూ, కలమూ అన్నీ "వచ్చింది"లోకే వస్తాయి. అబ్బా ఒక్కడే "వచ్చిండు". ఈ రెండు లెక్కల్నీ ఒక్క నాలుక మీద సర్దుకుంటున్న పిల్ల అది. నవ్వేముందు ఎందుకలా అన్నావని అడిగితే వ్యాకరణం పాఠం అక్కడే మొదలయ్యేది. పిల్లకు సాయపడాలనుకునేవాళ్లు ముందు ఆమెకు ఏం వచ్చో తెలుసుకోవద్దా?

ఉర్దూ బడికి పోవచ్చుగా అంటారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పించే వసతి ఉండాలని 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణ చేర్చారు. ప్రాథమికం సరే, తర్వాత? దగ్గర్లో ఉర్దూ హైస్కూలు లేకపోతే పదకొండేళ్ల పిల్ల మళ్లీ అ, ఆల దగ్గర నిలబడాలి. తెలుగు బడికేస్తే అమ్మీ దూరం, ఉర్దూ బడికేస్తే కాలేజీ దూరం. ఏది ఎంచుకున్నా "వీళ్లకు చదువు మీద మనసు లేదు" అనే మాట తప్పదు. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు పోయేది సుమారు 3 శాతమేనని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. ఎంతమంది విన్నారు?

2016లో తెలంగాణలో 71 మైనారిటీ గురుకులాలు తెరిచారు. తర్వాత అవి రెండు వందలు దాటాయి. ఐదో తరగతికే మా ఆడపిల్లలు పెట్టెలు సర్దుకుని పోయారు. అన్నం, పుస్తకం, పక్కన కూచుని చదివించే మనిషి అక్కడ దొరికితే మేం సంతోషించాం. అయినా అడుగుతున్నాం: తెలుగు చదివిన తల్లి ఉన్న పిల్ల ఇంట్లో ఉండి చదువుకుంటుంటే, మా పిల్ల చదవడానికి పదేళ్లకే తల్లిని ఎందుకు విడవాలి? ఊళ్లో బడి సాయంత్రం రెండు గంటలు తెరిచి, రెండు భాషలూ తెలిసిన ఒక్క మనిషిని కూచోబెడితే ఎంత ఖర్చు?

మీటింగు షిఫ్టు చూసి పెట్టండి. అమ్మీ వస్తుంది. ఆమెకు తప్పుల జాబితా చదివి పంపకండి. క్లాసులో ఒక కహానీ చెప్పించండి. పిల్ల దాన్ని తెలుగులో తిరిగి చెబుతుంది, పక్కవాళ్లు వింటారు.