ఆ ఏడు మిల్లీమీటర్లు

తెలియనితనానికి మూల్యం ఎవరు చెల్లించాలి? వేదాంతంలా వినిపిస్తుంది గానీ, రేడియేషన్ వైద్యంలో ఈ ప్రశ్నకి మిల్లీమీటర్లలో జవాబు ఉంది.

ఎక్స్-రే ఒంట్లోంచి దూసుకుపోతుంది. దారిలో కణితికి ముందూ వెనకా ఉన్న మంచి కణజాలానికీ దెబ్బ తగులుతుంది. ప్రోటాన్ మాత్రం తన శక్తిని బట్టి ఒక లోతు దాకా వెళ్ళి, ఆగే చోట గట్టిగా కొడుతుంది. ఆ తర్వాత దాదాపు ఏమీ ఉండదు. దీన్ని బ్రాగ్ పీక్ అంటారు. ఈ గుణం వైద్యానికి పనికొస్తుందని రాబర్ట్ విల్సన్ 1946లోనే రాశాడు.

చిక్కంతా అది ఎక్కడ ఆగుతుందన్న దగ్గరే. దారిలో ఎముక ఎంత, కొవ్వు ఎంత, గాలి ఎంత అన్నది తెలియాలి. అందుకు సీటీ స్కాన్ తీస్తారు. అంటే చూసేది ఎక్స్-రేతో, కొట్టేది ప్రోటాన్‌తో. మధ్యలో ఒక పట్టిక ఉంటుంది: ఎక్స్-రేని ఇంత ఆపింది కాబట్టి ప్రోటాన్‌ని ఇంత ఆపుతుంది అని. ప్రోగ్రాములు రాసి బతికే నాకు ఇలాంటి పట్టికలు బాగా తెలుసు. ఒక రకం డేటాని ఇంకో రకంలోకి మారిస్తే ఏదో కొంత జారిపోతుంది. ఎక్స్-రేకి ఒకేలా కనబడే రెండు పదార్థాలు ప్రోటాన్‌ని వేరువేరుగా ఆపొచ్చు. అందుకని చాలాచోట్ల 3.5 శాతం దాకా మార్జిన్ పెట్టుకుంటారు. 20 సెంటీమీటర్ల లోతులో అది 7 మిల్లీమీటర్లు. కణితి తప్పిపోకూడదని, ఆ మేరకు దాని వెనకున్న మంచి కణజాలాన్ని కూడా కావాలనే కొడతారు.

ఆ మార్జిన్‌లో నిజాయితీ ఉంది: మాకు కచ్చితంగా తెలియదని అంకెల్లో ఒప్పుకోవడం. కానీ తెలియనిది ప్లాన్ వేసేవాళ్ళకి, పోయేది రోగి కణజాలం. పసిపిల్లల మెదడులో లోతు తక్కువ, మార్జిన్ కూడా చిన్నదే. అయినా ఆ కాస్తలో వినికిడి పోవచ్చు.

దీనికి విరుగుడు ప్రోటాన్‌తోనే చూడటం. ఒళ్ళు దాటి బయటికొచ్చేంత శక్తితో ప్రోటాన్లని పంపి, అవతల ఎంత శక్తి మిగిలిందో కొలుస్తారు. అప్పుడు పట్టికతో పెద్దగా పని ఉండదు. సీటీకి గణితం సమకూర్చి 1979లో నోబెల్ అందుకున్న అలన్ కార్మాక్, 1963లోనే ఈ ఊహ చేశాడు. అయితే ప్రోటాన్ ఒంట్లో తిన్నగా పోదు, అటూ ఇటూ చెదురుతుంది. బొమ్మ మసకబారుతుంది. ఒక్కో ప్రోటాన్ ఎటు వెళ్ళి ఎటు వచ్చిందో విడివిడిగా లెక్కకట్టాలి. అందుకే ఈ పద్ధతి ఇంకా ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉంది.

చిత్తూరు వైపు “వేలూరుకి తీసకపోయినారంట” అంటే చాలు, జబ్బు పెద్దదని అర్థం. ప్రోటాన్ వైద్యానికైతే ఇంకా దూరం పోవాలి. దేశంలో మొదటి కేంద్రాన్ని 2019లో చెన్నైలో తెరిచిన అపోలో సంస్థ వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డిది చిత్తూరు జిల్లా అరగొండే. తిరుపతిలో 2022లో టాటా ట్రస్ట్స్ చొరవతో క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది. స్విమ్స్ వాళ్ళ పింక్ బస్సు పరీక్షల కోసం ఊళ్ళకి పోతోంది. అయినా ఎవరైనా అడగొచ్చు: “గడ్డ కనబడి ఏడాదైనా ఆసుపత్రి మెట్లెక్కని మనిషి ఉండగా, ఈ మిల్లీమీటర్ల గోలేంది?”

న్యాయమైన ప్రశ్నే. కానీ మిల్లీమీటరుని విలాసం అని నేను అనలేను. అది ఎవరి వినికిడో, ఎవరి చూపో. పైగా ఆ రంగం నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. అక్కడ తెలియనితనాన్ని అంకెగా రాసుకున్నారు. అది కళ్ళ ముందు కనబడుతోంది కాబట్టే, 1963 నుంచి ఎవరో ఒకరు దాన్ని తగ్గించాలని తంటాలు పడుతూనే ఉన్నారు. మంచి కణజాలం అడ్డొచ్చిందని ఏ భౌతికశాస్త్రవేత్తా నింద వేయలేదు.

ఏడాది ఆలస్యం దగ్గరికొచ్చేసరికి మన భాషే మారిపోతుంది. “ఆమె ఆలస్యంగా వచ్చింది” అంటాం. ఆ వాక్యంలో కర్త ఆమే. బస్సు లేని ఊరు, పోయే కూలి, గడ్డని చూసి సెగగడ్డేలే అన్న మందుల షాపు, ఏవీ అందులో లేవు. ఆ ఏడాదిని కూడా మన మార్జిన్‌గా రాసుకోనంత కాలం, దాన్ని తగ్గించే పని ఎవరిదీ కాదు.