గద్ద ఫొటోలో ఆవరణ, విక్షేపం

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరో మనవాళ్లు బోలెడుమంది ఉండే ఊరు. అక్కడి మెకార్మాక్ సరస్సు దానంతట అది పుట్టింది కాదు, ఒకప్పుడు ఇసుక, కంకర తవ్విన గొయ్యి. ఇప్పుడు దాని చుట్టూ దాదాపు 1000 ఎకరాల ప్లెయిన్స్‌బరో ప్రిజర్వ్ ఉంది. అక్కడ నీళ్లమీద ఎగిరే బాల్డ్ ఈగల్ అనే గద్దను ఫొటో తీసి, అంచున పడిన కాలిబాటను క్రాప్ చేశారనుకుందాం. చూసేవాళ్లకు నరమానవుడు అడుగుపెట్టని అడవి కనబడుతుంది. ఒక్క పిక్సెల్ కూడా మార్చలేదు. మరి ఆ బొమ్మ నిజమే చెబుతోందా?

మాయకు ఆవరణ, విక్షేపం అని రెండు శక్తులున్నాయంటారు అద్వైతులు. తాడును చూసి పామనుకున్నప్పుడు మొదటిది తాడును కప్పేస్తుంది, రెండోది పామును చూపిస్తుంది. ఫొటోగ్రాఫర్లు మాత్రం రెండోదాన్నే తప్పుపడతారు: లేనిది కలిపితే మోసం, ఉన్నది కత్తిరిస్తే కళ! ఈ లెక్క నాకు మింగుడుపడదు. 24 మెగాపిక్సెళ్ల ఫొటోను నిలువునా అడ్డంగా సగానికి క్రాప్ చేస్తే 6 మిగులుతాయి. పోయింది ఖాళీ ఆకాశమైతే పక్షి గురించి మనకు తెలిసినదేమీ తగ్గదు. పోయింది గింజలు పోసిన ఫీడరైతే, పెట్టింది తినే పిట్ట స్వయంగా వెతుక్కునే పిట్టగా మారిపోతుంది. 2009 వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో కంచె దూకే తోడేలు ఫొటోకు అగ్ర బహుమతి వచ్చింది. అది మచ్చిక చేసిన తోడేలే అయివుండాలని జడ్జీలు తేల్చి, 2010లో బహుమతి వెనక్కి తీసుకున్నారు. తీసినాయన ఒప్పుకోలేదనుకోండి. ఏదేమైనా ఆ గొడవ ఎడిటింగ్ గురించి కాదు, దాచారన్న విషయం గురించి.

గద్ద విషయంలో ఈ దాపరికం మరీ అన్యాయం. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకులు పలచబడి, 1970ల నాటికి న్యూజెర్సీ మొత్తంలో బాల్డ్ ఈగల్ గూడు ఒక్కటే మిగిలింది. 1972లో ఆ మందును దేశమంతటా నిషేధించారు. ఆ తర్వాత మనుషులే ఆ గూటి గుడ్లను తెచ్చి పొదిగించి, పిల్లలను మళ్లీ గూటికి చేర్చారు. కెనడా నుంచీ పిల్లలను తెచ్చి వదిలారు. మనిషి జాడ చెరిపేసిన ఫొటో ఆ గద్ద చరిత్రనే చెరిపేస్తుంది.

కెమెరాయే అబద్ధం ఆడుతుంటే ఈ పట్టింపు దేనికని అడగవచ్చు. నిజమే, సెన్సర్‌లో ఒక్కో బిందువు ఒక్క రంగునే పట్టుకుంటుంది, మిగతా రెండూ ఇరుగుపొరుగు బిందువులనుంచి లెక్కగట్టినవే. అంతెందుకు, బ్లూ జే ఈకలో నీలి వర్ణకమే లేదు. కాంతి చెదరడంవల్ల నీలం కనిపిస్తుంది, వెనకనుంచి వెలుగు పడితే గోధుమరంగే. కానీ ఇది అందరికీ ఉమ్మడిగా ఉన్న వ్యావహారిక సత్యం, ఇందులో ఎవరూ ఎవరినీ నమ్మించబోవడం లేదు. నీడలో ఉన్న కన్నును కాస్త వెలిగిస్తే ఉన్నదే బయటపడుతుంది. మసకబారిన రెక్కమీద ఏఐ గీసిన ఈకపోగులు మాత్రం ఆ పిట్టవి కావు. చూసిన పక్షులను నమోదుచేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఫొటో కూడా సాక్ష్యమే. అక్కడ రెక్కమీద లేని చార ఒకటి మొలిస్తే జాతే మారిపోవచ్చు.

కళకు స్వేచ్ఛ వద్దా అంటే, తప్పకుండా కావాలి. పక్షుల చిత్రకారుడు ఆడుబాన్, చంపిన పక్షులను తీగలతో నిలబెట్టి చిత్రించాడు. అవి చిత్రాలని అందరికీ తెలుసు. ఫొటో అలా కాదు, కళ్లారా చూసినట్టు మాట్లాడుతుంది. కాబట్టి హాయిగా క్రాప్ చేయండి, రంగులు దిద్దుకోండి. ఫీడర్ దగ్గర తీసిందైతే ఆ మాట, ఈకలు ఏఐ గీసినవైతే ఆ మాట ఫొటో కింద ఒక్క వాక్యంలో రాయండి.