దానమా? న్యాయమా?

ఇద్దరు పిల్లలు ఒకే పరీక్ష రాస్తే, ఒకరికి మాత్రం కొంత కలిపి లెక్కించడం న్యాయమేనా?

పాత ఆదిలాబాద్ జిల్లాలోని బాసరలో గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ట్రిపుల్ ఐటీ వెలసింది. పదో తరగతి కాగానే, ఎంసెట్‌తో పని లేకుండా ఆరేళ్ల ఇంజనీరింగ్ చదువు. గ్రేడ్ల సగటును బట్టి సీట్లిచ్చిన సంవత్సరాలలో, హాస్టల్ లేని ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు 0.4 కలిపేవారు.

"మా అమ్మాయీ రాత్రింబవళ్లు చదివింది. దానికెందుకు కలపరు?" అని ఒక తల్లి అడిగితే, ఆ బాధను తేలికగా తీసుకోరాదు.

అయితే మందమర్రి బొగ్గుబాయి కార్మికులకు ఇందులోని ధర్మం కొత్త కాదు. తట్ట, చెమ్మస్ పట్టిన కోల్‌ఫిల్లర్‌కు టబ్బుల లెక్కన కూలి. బొగ్గును ఎక్కువ దూరం మోస్తే 'లీడ్', ఎత్తుకు ఎక్కిస్తే 'లిఫ్ట్' పేరున అదనంగా ఇచ్చేవారు. అది దానం కాదు, కష్టార్జితం. టబ్బు ఒకటే, నడిచిన దూరం వేరు.

మార్కూ టబ్బు వంటిదే. ఎంత నిండిందో చెబుతుంది. ఎంత దూరం నుండి మోసుకొచ్చారో చెప్పదు. ట్యూషన్ లేని ఇల్లు, టీచరు లేని బడి కూడా దూరమే.

కాని అప్పు చేసి ప్రైవేటు బడికి పంపిన కూలివాని బిడ్డ నడిచిన దూరాన్ని ఈ 0.4 కొలవలేదు. అందుచేత బడి పేరును కాదు, బిడ్డ నడిచిన దారిని చూడాలి. అంతకన్న ముందు ఆ దారినే బాగుచేయాలి. బడిని పాడుపెట్టి 0.4తో చేతులు కడుక్కుంటే, అప్పుడది నిజంగా దానమే అవుతుంది.