బొటనవేలు ఇచ్చాక ఏం జరిగింది?

2024 జూన్ చివర్లో 'కల్కి 2898 ఏడీ' వచ్చినప్పుడు మా తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు కనిగిరి వెళ్లి చూసొచ్చారు. వారం రోజులు అదే మాట. ఎండిపోయిన కాశీ, గాల్లో తలకిందులుగా నిలబడ్డ కాంప్లెక్సు, ప్రభాస్ బండి, అన్నిటికంటే ఎక్కువగా అమితాబ్ బచ్చన్ వేసిన అశ్వత్థామ. కురుక్షేత్రం నుంచి ఆరువేల ఏళ్లు బతికి వచ్చిన మనిషి. ఒక ఎరుకల అమ్మాయి లేచి అడిగింది: "సార్, ద్రోణుడి కొడుకు ఇంకా ఉన్నాడు కదా. బొటనవేలు ఇచ్చిన ఆయన ఏమయ్యాడు?"

"ఇచ్చాడు, అంతే. కథ అక్కడితో అయిపోయింది" అన్నాను.

నేను ఎరుకలవాణ్ణి. మా వాళ్లు ఏకలవ్యుణ్ణి కులపురుషుడని చెప్పుకుంటారు, ఏటా జయంతి చేస్తారు. ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతూ, గురుభక్తికి ఇంతకంటే గొప్ప ఉదాహరణ లేదని నేనే బోర్డు మీద రాసినవాణ్ణి. ఆ పిల్ల ప్రశ్నకు నేనిచ్చిన జవాబు తప్పని తర్వాత తెలిసింది. కథ అక్కడితో అయిపోలేదు. అయిపోయిందని మనకు చెప్పారు, మనం పిల్లలకు చెప్పాం.

ఒక నమ్మకద్రోహం జరిగిందనుకోండి. తర్వాత వచ్చే కథలు దాన్ని ఏం చేస్తాయి? మన పిల్లలకు బాగా తెలిసిన లెక్క కట్టప్పది. 2015 జూలైలో మొదటి బాహుబలి ఒక కత్తిపోటు దగ్గర ఆగింది. 2017 ఏప్రిల్ దాకా దేశమంతా 'ఎందుకు చంపాడు' అని అడిగింది. రెండో భాగం జవాబు చెప్పింది. కట్టప్ప సింహాసనానికి బానిస. శివగామి ఆజ్ఞ. నువ్వు చంపకపోతే నేనే చంపుతానంది. 'మామా' అని పిలిచిన మనిషిని వెనకనుంచి పొడిచాడు. ఆ పొడిపించుకున్నవాడు చనిపోతూ అమ్మను చూసుకోమన్నాడు. కారణం తెలిశాక ద్రోహం తేలికైందా? నాకైతే బరువెక్కింది. మొదటి భాగంలో ఒక దుర్మార్గుడి పనిలా కనిపించింది, రెండో భాగంలో ఒక మంచివాడి చేత చేయించిన పని అయింది. తరాల తరబడి ఒక కుటుంబాన్ని బానిసలుగా కట్టేసిన మాట ఉంది చూడండి, అసలు కత్తి అది.

ఇక్కడే ఒక మాట. అదే సినిమాలో కాలకేయులున్నారు. ఒంటికి నల్లరంగు పూసి, వాళ్లకోసం 'కిలికి' అని ప్రత్యేకంగా ఒక భాష కూడా తయారుచేశారు. వాళ్ల ఊరెక్కడ, ఎందుకొచ్చారు, వాళ్ల పిల్లలేమయ్యారు అనేదానికి రెండో భాగంలో జవాబు లేదు, ఎవరూ అడగలేదు కూడా. తర్వాతి కథ అందరికీ దొరకదు.

హాలీవుడ్ 'స్టార్ వార్స్' గురించి పిల్లలకు కొంత తెలుసు. 1977లో మొదలైన ఆ సాగాలో, 2005లో వచ్చిన సినిమాలో ఒక ఘట్టం ఉంటుంది. ఒకే మనిషి అచ్చులుగా తయారుచేసిన సైనికులు, ఒక్క ఆజ్ఞ వినగానే తమ పక్కన పోరాడిన సేనానుల్ని వెనకనుంచి కాల్చేస్తారు. ఆ సినిమాలో వాళ్లు దాదాపు యంత్రాలు. 2008 నుంచి వచ్చిన బొమ్మల సీరియల్ ఆ సైనికులకు పేర్లిచ్చింది, స్నేహాలిచ్చింది, జోకులిచ్చింది. 2014లో వచ్చిన కథలో, వాళ్ల తలల్లో పుట్టకముందే ఒక చిప్పు పెట్టారని తెలుస్తుంది. ఆ నిజం కనిపెట్టిన సైనికుడి మాట ఎవరూ నమ్మరు, తోటి సైనికుల చేతిలోనే చచ్చిపోతాడు. చిప్పు ఆడించిన చేయి చేసిన పనిని ద్రోహమనగలమా? కాల్చినవాళ్లు కూడా ద్రోహానికి గురైనవాళ్లే. నేరం మాయం కాలేదు, చిప్పు పెట్టినవాడి దగ్గరకు మెట్లెక్కి వెళ్లింది. మంచి తర్వాతి కథ చేసే పని ఇదేనని నాకనిపిస్తుంది.

మరి ద్రోణుడి తలలో చిప్పు ఏమిటి? మా స్టాఫ్‌రూంలో ఒక మాస్టారు గట్టిగా వాదించారు. "ఆయన బాధ కూడా చూడవయ్యా. ఇంట్లో పాలు లేక, పిండి నీళ్లు తాగి పాలు తాగానని గంతులేసిన కొడుకు. పాత స్నేహితుడు ద్రుపదుడు నిండు సభలో అవమానించాడు. భీష్ముడి కొలువులో కూడు తింటున్నాడు. నీకు సాటి ఎవరూ రారని అర్జునుడికి మాటిచ్చాడు." అన్నీ నిజమే. ద్రోణుడు కూడా దెబ్బతిన్న మనిషే. కానీ చిప్పు పెట్టిన సైనికుడికి లేని ఒక్క నిమిషం ఆయనకుంది. అడవిలో ఆ కుర్రవాడు తన మట్టిబొమ్మ ముందు నిలబడి, ఏం కావాలో అడగమన్న నిమిషం. ఆయన చదువు చెప్పలేదు, నిషాదుడివని వెనక్కి పంపాడు. చెప్పని చదువుకు దక్షిణ అడిగాడు. అడిగే హక్కు తనకు లేదని ఆయనకు తెలుసు, ఎదుటివాడు కాదనడని కూడా తెలుసు. కారణం తెలిస్తే ద్రోణుడి మీద కోపం తగ్గవచ్చు. వేలు మాత్రం తిరిగి మొలవదు.

మనం పిల్లలకు చెప్పేది ఆదిపర్వం దాకానే. పదకొండో శతాబ్దంలో నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలోనే ఈ కథ మనకందింది. వ్యాసభారతం ఇంకా ముందుకు పోతుంది. ఆ అడవి కుర్రవాడు నిషాదుల రాజవుతాడు. సభాపర్వంలో మళ్లీ కనిపిస్తాడు, ఒక్క మాటలో. ధర్మరాజు అభిషేకానికి ఏ రాజు ఏం తెచ్చి నిలబడ్డాడో దుర్యోధనుడు తండ్రికి చెబుతాడు. ఆ జాబితాలో ఏకలవ్యుడు పట్టుకొచ్చింది చెప్పుల జత. ఆ వాక్యం చదివి నేను పుస్తకం మూసేశాను. కాసేపటిదాకా తెరవలేదు.

తర్వాత ద్రోణపర్వం. యుద్ధంలో పద్నాలుగో రోజు రాత్రి కర్ణుడి శక్తికి ఘటోత్కచుడు, అంటే అడవి తల్లి హిడింబ కొడుకు, కూలిపోతాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషిస్తాడు. ఎందుకని అర్జునుడు అడుగుతాడు. అప్పుడు బయటపడుతుంది. జరాసంధుడు, శిశుపాలుడు, ఏకలవ్యుడు బతికుంటే ఇప్పుడు దుర్యోధనుడి పక్షాన ఉండేవారు. ఆ వేలు ఉండి ఉంటే ఏకలవ్యుణ్ణి దేవతలు కూడా గెలవలేరు. నీ మేలు కోసమే ద్రోణుడు దాన్ని తీయించాడు, నీ మేలు కోసమే అతణ్ణి నేను చంపాను. ఘటోత్కచుణ్ణి కర్ణుడు చంపకపోతే ఆ పని కూడా నేనే చేయాల్సి వచ్చేదంటాడు. సాటివాడు ఉండకూడదన్న ఒక శిష్యుడి పట్టుదల అనుకున్నది, వెనక్కి తిరిగి చూస్తే పెద్ద లెక్కలో ఒక అంకె.

మర్నాడే ద్రోణుడు చనిపోతాడు. ఎలాగో మీకు తెలుసు. అశ్వత్థామ చచ్చాడన్న మాటను ధర్మరాజు నోట విని, నమ్మి, ఆయుధం వదిలేస్తాడు. శిష్యుడు అబద్ధమాడడన్న నమ్మకం. ఒకనాడు అడవిలో ఎదుటివాడి నమ్మకాన్ని ఆయన ఎలా వాడుకున్నాడో, ఆయన నమ్మకాన్ని అలాగే వాడుకున్నారు. ఆ కోపంలోనే కొడుకు రాత్రిపూట నిద్రలో ఉన్నవాళ్లను నరికి శాపం తెచ్చుకున్నాడు. ఆ శాపగ్రస్తుడే మన పిల్లలు తెరమీద చూసి చప్పట్లు కొట్టిన మనిషి. ఈ గొలుసులో ఏకలవ్యుడి లంకె ఒక్కటే తెరమీదకు రాలేదు. రెండో భాగంలో వస్తాడేమో చూడాలి. నాకంత ఆశ లేదు.

దీన్ని పాతకథ అని వదిలేయలేను. 1871లో తెల్లవాళ్లు కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్థులన్నారు. 1911 చట్టం వచ్చాక మద్రాసు రాజ్యంలో మా ఎరుకలవాళ్లు కూడా ఆ జాబితాలోకి ఎక్కారు. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు పెట్టారు. ఆ చట్టం కింద పేరు నమోదైన వాడి వేలిముద్రలు ఎప్పుడైనా తీసుకోవచ్చు. మా తాతకు సంతకం రాదు, ఆయన వేళ్లు మాత్రం సర్కారు కాగితం మీద ఉన్నాయని మా అవ్వ చెప్పేది. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. తర్వాతి కథ ఏమొచ్చింది? 1991లో 'స్టువర్టుపురం దొంగలు', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు'. వేలు తీసుకున్నవాడి కథ కాదు, వేలు పోయినవాణ్ణి దొంగగా చూపించే కథలు. బుట్టలల్లి, మిరపకాయలు కోసి అరిగిపోయిన మా అవ్వ వేలిని రేషన్ మిషన్ గుర్తుపట్టేది కాదు. ఇద్దరు ముగ్గురు నవ్వేవారు. అవ్వ కూడా నవ్వేది.

టీచర్లకు ఇంకొక సంగతి. కోచ్‌లకు ఇచ్చే అవార్డు ద్రోణాచార్యుడి పేర 1985 నుంచి ఉంది. ఆటగాళ్లకు ఇచ్చేది అర్జునుడి పేర, 1961 నుంచి. గిరిజన పిల్లలు చదివే గురుకులాలకు 1997-98 నుంచి ఏకలవ్యుడి పేరు పెట్టారు. బడిలో చోటు దొరకనివాడి పేరు బడికి పెట్టడం మంచిదో కాదో నేను తేల్చుకోలేదు. ఆ బోర్డు కింద నిలబడి ఆదిపర్వం దగ్గరే పాఠం ఆపేస్తే మాత్రం మనం మళ్లీ ఒక దక్షిణ తీసుకున్నట్టే.

తర్వాతి వారం తరగతికి వెళ్లి, నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. మిగతా కథంతా చెప్పాను. మీకు తోచింది రాయండి అన్నాను. కొందరు ఏకలవ్యుడికి లేజర్ విల్లు ఇచ్చారు, ఒకడు ఇనుప బొటనవేలు అతికించాడు. ప్రశ్న అడిగిన అమ్మాయి అర పేజీ రాసింది. ధర్మరాజు సభలో నిషాద రాజు చెప్పులు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఎదురుగా పెద్దల వరసలో ద్రోణుడు కూర్చుని ఉంటాడు. నాలుగు వేళ్లతో పట్టుకుంటే చెప్పు జారుతూ ఉంటుంది. గురువు ఇటు చూస్తాడేమోనని రాజు అటే చూస్తూ ఉంటాడు. ద్రోణుడు చూడడు. సభ అయిపోతుంది, అందరూ లేచి వెళ్లిపోతారు.

కింద నేను మార్కులు వేయలేదు. "తర్వాత?" అని మాత్రం రాసి ఇచ్చాను.