తేడాకు అలవాటు పడకు

అల్లుడూ,

నీకు బచేలి ఇనుప గనుల ప్రాజెక్టులో పర్మనెంటు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పినప్పటి నుంచి నా సంతోషం ఇంతా అంతా కాదు. పార్వతీపురం దగ్గర మెట్టపొలం మీద బతికే ఇంట్లో పుట్టావు. ఐటీఐ చదివావు, వరసగా పరీక్షలు రాశావు, చివరికి సాధించావు. ఎవరి సిఫారసూ లేకుండా కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం ఇది, గర్వపడు. నా ఉద్యోగమంతా ఛత్తీస్‌గఢ్‌లోని ఈ బైలదిల కొండ మీదే గడిచింది. రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయాను. అందుకే నువ్వు కిరందుల్ రైలెక్కేలోగా నాలుగు మాటలు చెప్పాలనిపించింది. డబ్బు ఎలా దాచాలో, స్థలం ఎక్కడ కొనాలో చెప్పేవాళ్ళు నీకు బోలెడుమంది దొరుకుతారు. నా మాట ఒక్కటే. ఈ ఊళ్ళో ఒకే రోడ్డు మీద నడిచే మనుషుల బతుకుల మధ్య చాలా తేడా ఉంది. దానికి నువ్వు అలవాటు పడకూడదు.

మనవాళ్ళు ఇక్కడికి ఎలా వచ్చారో ముందు తెలుసుకో. ఈ గనులు నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్.ఎం.డి.సి. 1958 నవంబరు 15న ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. ఇక్కడి ఇనుప రాయిని జపాను కొనుక్కుంటానంది. దాన్ని విశాఖ రేవుకు చేర్చడానికే 1960లలో కొత్తవలస నుంచి కిరందుల్ దాకా 445 కిలోమీటర్ల రైలుమార్గం వేశారు. బొర్రా, అరకు, కోరాపుట్, జగదల్‌పుర్ దాటి వచ్చే ఆ దారిలో సొరంగాలు తవ్వడానికి, వంతెనలు కట్టడానికి వచ్చినవాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం వైపువాళ్ళు చాలామంది ఉన్నారు. 1968లో కిరందుల్ గని, 1977లో బచేలి గని మొదలయ్యాయి. విశాఖ ఉక్కు కర్మాగారం కొలిమిలో కరిగేదీ ముఖ్యంగా ఈ కొండ రాయే. రేవు, రైలు, ఉక్కు అన్నిట్లోనూ తెలుగు కుటుంబాలు అన్నం తిన్నాయి. ఈ కొండ మనకు చాలా ఇచ్చింది. కానీ ఈ కొండ కింద తరతరాలుగా ఉన్నవాళ్ళకు ఏమిచ్చిందో మనవాళ్ళలో అడిగేవాళ్ళు తక్కువ. ఆ అడిగే కొద్దిమందిలో నువ్వు ఉండాలి.

రేపు డ్యూటీలో చేరగానే నీకు మొదట కనబడే తేడా జీతాలది. నీ పక్కనే నీ వయసు కుర్రాడు ఉంటాడు. నువ్వు బిగించే బోల్టే అతనూ బిగిస్తాడు, నువ్వు పీల్చే ధూళే అతనూ పీలుస్తాడు. నీకు క్వార్టరు, ఆసుపత్రి, బోనసు, పిల్లలకు బడి ఉంటాయి. అతను కాంట్రాక్టరు మస్టర్లో ఒక పేరు, అంతే. టెండరు మారితే ఆ పేరు ఉంటుందో లేదో అతనికే తెలియదు. సమాన పనికి సమాన వేతనం అన్నది మన రాజ్యాంగం 39వ అధికరణంలో ఉంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద వచ్చిన నియమాల్లోనూ, కంపెనీ సొంత కార్మికుడు చేసే పనే కాంట్రాక్టు కార్మికుడు చేస్తే జీతమూ అంతే ఇవ్వాలని రాశారు. తాత్కాలిక ఉద్యోగులకు కూడా ఈ సూత్రం వర్తిస్తుందని 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు పంజాబు కేసులో చెప్పింది. అంటే ఇది మన దయాగుణం మీద ఆధారపడిన విషయం కాదు. అతనికి రావలసిన బాకీ.

జీతాల పట్టీ నువ్వు మార్చలేవు, ఆ సంగతి నాకు తెలుసు. నీ చేతిలో ఉన్నవి మాత్రం చాలానే ఉన్నాయి. ప్రమాదమైన పని వచ్చినప్పుడల్లా కాంట్రాక్టు కుర్రాణ్ణి ముందుకు తోయకు. అతని బూట్లు చిరిగిపోయినా, మాస్కు లేకపోయినా సూపర్‌వైజరుకు నువ్వే చెప్పు. అతను చెబితే రేపటి నుంచి రావద్దంటారు, నువ్వు చెబితే అనలేరు. నీ పర్మనెంటు హోదాకు అంతకంటే మంచి ఉపయోగం నాకు తెలియదు. అతని పీఎఫ్ ఖాతాలో డబ్బు పడుతోందో లేదో ఫోన్లో చూడటం నేర్పు. కొన్నిచోట్ల జీతం బ్యాంకులో పడ్డాక కొంత వెనక్కి తీసుకునే దళారులు ఉంటారు, ఏటీఎం కార్డు కూడా వాళ్ళ జేబులోనే ఉంటుంది. అలాంటిది నీ కంటబడితే యూనియన్లో నోరు విప్పు. కాంట్రాక్టు కార్మికులను కలుపుకోని యూనియన్ సగం యూనియనే అని నా గట్టి అభిప్రాయం.

ఇది ఇవాళ పుట్టిన తేడా కూడా కాదు. కిరందుల్లో వేలమంది చేత్తో రాయి తవ్వి, పగలగొట్టి, మోసిన కాలం ఉంది. యంత్రాలు వచ్చాక వాళ్ళను తీసేయబోతే సమ్మె చేశారు. 1978 ఏప్రిల్ 5న పోలీసులు కాల్పులు జరిపారు, కార్మికులు చనిపోయారు. నువ్వు పనిచేయబోయే ఈ గనుల చరిత్రలో ఆ రోజు కూడా ఉంది.

ఇక సంత సంగతి. బచేలి వారపు సంతకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆదివాసీ ఆడవాళ్ళు తెల్లవారకముందే బయలుదేరి వస్తారు. చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు, పుట్టగొడుగులు, ఆకు దొన్నెలు తెచ్చి నేలమీద కుప్పలు పోసుకుని కూర్చుంటారు. ఒకప్పుడు బస్తర్ సంతల్లో వ్యాపారులు ఉప్పిచ్చి సారపప్పు పట్టుకుపోయేవారు. ఆ సారపప్పు పట్నంలో మిఠాయిల మీదికి ఎంత ధరకు చేరేదో నీకు తెలుసు. ఇప్పుడు అటవీ ఉత్పత్తులకు ప్రభుత్వ మద్దతు ధర ఉంది, సొసైటీలు ఉన్నాయి, పరిస్థితి కొంత మెరుగుపడింది. అయినా తూకంలో మోసం పూర్తిగా పోలేదు. దానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది మన కాలనీవాళ్ళ బేరం. అపోలో నడిపే ప్రాజెక్టు ఆసుపత్రిలో మనకు వైద్యం, వారాంతంలో జగదల్‌పుర్ షాపింగు ఉంటాయి. సంతలో మాత్రం ఐదు రూపాయలు తగ్గించమని ఒక ముసలమ్మతో పావుగంట పోట్లాడతారు, తగ్గించాక గెలిచామని నవ్వుకుంటూ వస్తారు.

ఆ ఐదు రూపాయల విలువ నీకు లెక్కగట్టి చెబుతాను. మనవైపు తునికాకు అంటామే, బీడీ ఆకు, అదే ఇక్కడ ఎండాకాలపు పెద్ద ఆదాయం. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో దాని ధర స్టాండర్డ్ బస్తాకు 4000 రూపాయల నుంచి 5500కు పెంచింది. స్టాండర్డ్ బస్తా అంటే వెయ్యి కట్టలు, కట్టకు యాభై ఆకులు. అంటే యాభై ఆకులు ఏరి, దులిపి, వరసగా పేర్చి, నారతో కట్టిన కట్టకు ఐదున్నర రూపాయలు, ఒక్కో ఆకుకు పదకొండు పైసలు. పెంచిన ధరే ఇది. మండే ఎండలో, ఎలుగుబంటి తిరిగే అడవిలో పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ పొద్దంతా కష్టపడితే కొన్ని వందలు చేతికొస్తాయి. నువ్వు సంతలో తగ్గించమనే ఐదు రూపాయలు ఇంచుమించు అలాంటి ఒక కట్ట. అందుకని చెబుతున్నాను, వాళ్ళు అడిగిన ధర ఇచ్చి తెచ్చుకో. బేరమాడాలనిపిస్తే మాల్‌లో ఆడు.

నీకు కాలనీవాళ్ళు ఒక మాట చెబుతారు, ముందే చెబుతున్నాను. ఈ ఆదివాసీలకు డబ్బిచ్చినా సాయంత్రానికి తాగేస్తారని. ఇప్పసారా ఇక్కడ దేవుడికి పెడతారు, పెళ్ళిలో పోస్తారు, చావులో పోస్తారు. దానివల్ల పాడైన ఇళ్ళూ ఉన్నాయి, లేవని నేననను. కానీ మన క్వార్టర్ల వెనక చెత్తకుండీలో ఎన్ని ఖాళీ సీసాలు ఉంటాయో ఊడ్చే మనిషికి తెలుసు. వాటి కారణంగా మన జీతం తగ్గించాలని ఎవరూ అనలేదు. పేదవాడి కూలి అతని గుణగణాలు చూసి ఇచ్చేది కాదు, పని చూసి ఇచ్చేది.

ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి విషయం మీ అత్త చెప్పమంది. వారానికొక సెలవు ఇవ్వు, జ్వరమొస్తే జీతం కోయకు, వేరే గ్లాసు పెట్టకు. నెల మొదటి తారీఖున నీ జీతం పడిన రోజునే ఆమె జీతమూ ఇచ్చెయ్.

చేతిలో నాలుగు డబ్బులు చేరాక నూటికి ఐదు, నూటికి పది వడ్డీకి తిప్పమని స్నేహితులు సలహా ఇస్తారు. కాలనీల్లో ఇది మామూలే. తీసుకునేది ఎవరనుకున్నావు? మళ్ళీ ఆ కాంట్రాక్టు కుర్రాడే. పగలు నీతో సమానంగా పనిచేసి, రాత్రికి నీకు వడ్డీ కడతాడు. ఆ పని నీకొద్దు.

కట్నం సంగతి కూడా చెప్పేస్తాను, మీ అమ్మకు కోపం వచ్చినా సరే. మనవైపు పెళ్ళిబజారులో ప్రాజెక్టు ఉద్యోగానికి ఒక రేటు ఉంది. మధ్యవర్తులు ఇప్పటికే మీ ఇంటి చుట్టూ తిరుగుతున్నారని విన్నాను. 1961 నుంచి చట్టప్రకారం అది నేరం. ఇక్కడి గోండుల్లో పెళ్ళికొడుకువాళ్ళే అమ్మాయి ఇంటికి ఇచ్చుకోవడం ఆచారం. వాళ్ళను వెనకబడినవాళ్ళని పిలిచే ముందు, కూతురు పెళ్ళికి పొలం అమ్ముకున్న మన తండ్రులను గుర్తుచేసుకో. మీ తాత మీ అమ్మ పెళ్ళికి ఏం అమ్మాడో ఆవిడనే అడుగు.

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి ఈ ఊరు మరిచిపోకూడని మనిషి గురించి చెప్పాలి. 1960ల చివర్లో బ్రహ్మదేవ్ శర్మ బస్తర్ కలెక్టరు. గనుల పనికి బయటి నుంచి వచ్చిన మగవాళ్ళు ఆదివాసీ అమ్మాయిలను పెళ్ళి పేరు చెప్పి చేరదీసి, బిడ్డలు కలిగాక వదిలేస్తున్నారని ఆయనకు తెలిసింది. విచారణ చేయించాడు. భార్యగా ఒప్పుకుంటారా, చర్యకు సిద్ధపడతారా అని నిలదీశాడు. వందల పెళ్ళిళ్ళు జరిగాయి. వాటిలో ఎన్ని కాపురాలు నిలిచాయన్నది వేరే విషయం. కొండనుంచి రాయి ఒక్కటే రాలేదు, మనుషుల జీవితాలు కూడా నలిగాయని ఒక అధికారి గుర్తించాడు, అది ముఖ్యం. ఆదివాసీ గ్రామసభలకు అధికారం ఇచ్చిన 1996 నాటి పెసా చట్టం వెనక కూడా ఆయన కృషి చాలా ఉంది. నువ్వు కుర్రవాడివి, ఒంటరిగా ఉంటావు. ఇక్కడి ఏ అమ్మాయినైనా ఇష్టపడితే అగ్రహారం పిల్లను ఎంత గౌరవంగా చూస్తావో అంత గౌరవంగా చూడు. మీ అమ్మను ఒప్పించే పూచీ నాది.

ఇక నీళ్ళు. దంతెవాడలో దంతేశ్వరి అమ్మవారి గుడి దగ్గర శంఖిని, డంకిని కలుస్తాయి. కొండ నుంచి కొట్టుకొచ్చే ఖనిజపు బురదతో శంఖిని ఎర్రబారి ఎన్నో ఏళ్ళయింది. ఒడ్డు ఊళ్ళ పొలాల్లో ఆ ఎర్రమట్టి పేరుకుంది. 2024 జులై వానల్లో కిరందుల్ బస్తీల్లో ఇళ్ళల్లోకే ఎర్రబురద వచ్చేసింది. మన కాలనీ కుళాయిలో మాత్రం శుభ్రమైన నీళ్ళు వస్తాయి. ఒకే కొండ కింద రెండు రంగుల నీళ్ళు ఎందుకుండాలి?

ఆ ఊళ్ళకు మంచినీళ్ళు ఇవ్వడానికి డబ్బు లేదని ఎవరైనా అంటే నమ్మకు. ఇనుప ఖనిజం అమ్మకపు ధరలో నూటికి 15 రూపాయలు రాయల్టీ. 2015లో గనుల చట్టం సవరించాక, పాత లీజులవాళ్ళు ఆ రాయల్టీలో మరో 30 శాతం జిల్లా ఖనిజ నిధికి కట్టాలి. నూరు రూపాయల రాయికి నాలుగున్నర. 2023-24లో ఎన్.ఎం.డి.సి. తవ్విన 4.5 కోట్ల టన్నుల్లో ఎక్కువ భాగం ఈ బైలదిలదే. ఇప్పుడు నువ్వే లెక్క వేసుకో, ఆ నిధి ఎంత పెద్దదో తెలుస్తుంది. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ళకు తాగునీరు, వైద్యం, చదువు ఇవ్వడానికి పెట్టిన నిధి అది. గనుల లాభంలో స్థానికులకు వాటా ఉండాలని కోర్టు కూడా చెప్పింది. నువ్వు రైల్లో వచ్చేటప్పుడు బొర్రా గుహల స్టేషను దాటుతావు. ఆ చుట్టుపక్కల గిరిజన గ్రామాల కోసమే సమత అనే సంస్థ పోరాడితే 1997లో సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు చెల్లదంది. లాభంలో కనీసం 20 శాతం అక్కడివాళ్ళ కోసం పక్కన పెట్టాలంది. ఈ దారిలో ఆ ఒక్క స్టేషను దగ్గర కిటికీలోంచి చూడు, గుహల కోసమే కాకుండా.

ఇక్కడివాళ్ళు కూడా ఊరుకున్నవాళ్ళు కారు. 2019 జూన్‌లో వేలమంది ఆదివాసీలు బియ్యం మూటలతో, విల్లంబులతో కిరందుల్ వచ్చి రోజుల తరబడి కూర్చున్నారు. 13వ నంబరు నిక్షేపం ఉన్న నందరాజ్ కొండ వాళ్ళకు దేవుడు. దానికి 2014లో హిరోలి గ్రామసభ ఆమోదం ఇచ్చిందన్న కాగితం దొంగదని వాళ్ళ ఆరోపణ. ప్రభుత్వం పనులు ఆపి విచారణకు ఆదేశించింది. అప్పుడు మనవాళ్ళలో కొందరు, గనులు ఆగితే మన ఉద్యోగాలేమవుతాయని వాళ్ళమీద విసుక్కున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ మన జీతం కోసం ఇంకొకరి దేవుడి కొండను, దొంగ సంతకంతో తీసుకోవచ్చని నేను ఒప్పుకోలేను. అడిగి తీసుకునే పద్ధతి చట్టంలోనే ఉంది, దాన్ని పాటించమని వాళ్ళు అడిగారు.

నువ్వు వచ్చేటప్పుడు రెండు తెల్ల కాగితాలు, రెండు పది రూపాయల పోస్టల్ ఆర్డర్లు తెచ్చుకో. దంతెవాడ జిల్లా ఖనిజ నిధి నుంచి శంఖిని ఒడ్డు ఊళ్ళ తాగునీటికి ఇంతవరకు ఎంత ఖర్చుపెట్టారో, ఏ ఊళ్ళో ఏ పని చేశారో చెప్పమని సమాచార హక్కు కింద నేనొక దరఖాస్తు, నువ్వొక దరఖాస్తు పెడదాం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు వచ్చాక ఆ ఊళ్ళకు ఇద్దరం వెళ్ళి, కాగితం మీదున్న బోరింగులు అక్కడ ఉన్నాయో లేదో చూసివద్దాం.

మీ మామయ్య