వాలిన గోడ – తఖ్దీర్

2015 చివరి నెలల్లో నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో – వరికుంటపాడు, వింజమూరు, ఉదయగిరి, కలిగిరి వైపు – భూమి పలుమార్లు స్వల్పంగా కంపించింది. జనం భయపడి రాత్రులు ఆరుబయట గడిపారు. ఇలాంటి వేళ మన ఇళ్ళలో రెండు మాటలు వినిపిస్తాయి. ‘ఇది పాపాలకు శిక్ష’ అన్నది ఒకటి. ‘తఖ్దీర్‌లో ఉన్నది జరగక మానదు, మనమేం చేయగలం?’ అన్నది రెండవది.

మొదటిది తొందరపాటు మాట. భూమి కంపిస్తే తౌబా చేయాలి, సందేహం లేదు. అయితే ఎవరి పాపాలకు? మన పాపాలకే. చనిపోయినవారి లెక్క మన చేతికి ఇవ్వబడలేదు. శిథిలాల క్రింద ప్రాణం విడిచిన విశ్వాసిని దైవప్రవక్త (స) షహీదుల్లో చేర్చారు. 2005 అక్టోబరు 8న కాశ్మీరు భూకంపంలో బడి కప్పుల క్రింద నలిగిపోయిన పసివాళ్ళు ఏ పాపం చేశారు?

రెండవ మాట పైకి భక్తిగా కనిపిస్తుంది, అందుకే మరింత ప్రమాదకరం. ఇండోనేషియాలోని పాలూ నగరం కొండల నడుమ లోయలో ఉంది. అక్కడి ప్రజల్లో అత్యధికులు ముస్లిములే. 2018 సెప్టెంబరు 28న 7.5 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు పెటోబో, బలరోవా పేటల్లో నేలే బురదలా ప్రవహించి ఇళ్ళను మోసుకుపోయింది. వదులైన ఇసుక నేలలో నీరు నిండి ఉంటే, బలమైన కుదుపుకు ఆ నీటి ఒత్తిడి పెరిగి ఇసుక రేణువులకు ఒకదానికొకటి ఆసరా తప్పుతుంది. అప్పుడు నేల బరువు మోయలేదు. ఎగువన వరిపొలాలకు నీరిచ్చే కాలువ వల్ల భూగర్భజలం పైకి చేరడం కూడా ఒక కారణమని పరిశోధకులు గుర్తించారు. నిర్ణయం అల్లాహ్‌దే, కాలువ త్రవ్వింది మాత్రం మనుషులు.

కలిగిరి ప్రాంతపు చిన్న ప్రకంపనలకు అంతటి విపత్తు రాదు, కంగారు అనవసరం. కానీ వాగు ఒడ్డున ఇసుక మేట మీదా, పూడ్చిన చెరువులోనూ పునాది తీసేవారు ఆలోచించాలి. మట్టితో రాళ్ళు పేర్చిన బరువైన గోడలే 1993లో మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో వేలమందిని బలిగొన్నాయి.

మదరసాల్లో చదివే ‘హిదాయా’లో వాలిన గోడ మస్అలా ఉంది. బాటవైపు ఒరిగిన గోడను తీసేయమని యజమానికి చెప్పారు, వ్యవధీ దొరికింది, అయినా తీయలేదు. అది కూలి ఎవరైనా చనిపోతే అతని పక్షాన పరిహారం చెల్లించవలసిందే. గోడ అల్లాహ్ ఆజ్ఞతోనే పడింది, అయినా ఫుఖహాలు తఖ్దీర్ పేరుతో అతణ్ణి వదలలేదు. మొదటినుంచీ ఒరిగేలా కట్టిన గోడకైతే హెచ్చరిక కూడా అక్కర్లేదన్నారు. నిలవని నేల అని తెలిసీ కట్టే మేస్త్రీ, కట్టించే యజమాని ఈ మాటను ఒకసారి చదువుకోవాలి. ఇక మస్జిదు గోడో, బడి గోడో బీటలిస్తే చూసినవారు ముతవల్లీకో, పంచాయతీకో వెంటనే చెప్పాలి, అదీ సాక్షుల ఎదుట.