అయిదో కారణం

ఉత్తరాంధ్రలో కొత్త బండి కొన్నవారు దాన్ని ముందుగా గుడి దగ్గర ఆపుతారు. చోడవరంలో ఆ గుడి స్వయంభూ విఘ్నేశ్వరుడిది. స్కూటరైనా, కారైనా, చెరకు తోలే ట్రాక్టరైనా పసుపు కుంకుమలు, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, హారతి తప్పవు. ఈ ఆచారం వెనక మనం ఎప్పుడూ సూటిగా ఎదుర్కోని ప్రశ్న ఒకటి ఉంది. పూజ చేయించిన బండి ప్రమాదానికి లోనైతే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? దేవుడు కాపాడలేదనా, నుదుటిరాత అనా, బ్రేకులు చూసుకోలేదనా? రోడ్డు మీద ఈ ప్రశ్నను దాటవేయడం సులువు. తప్పు ఎదురొచ్చిన లారీది కావచ్చు, గుంతది కావచ్చు, అడ్డొచ్చిన గేదెది కావచ్చు. సొంత డబ్బుతో చిన్న విమానం కొనుక్కుని, జీతం కోసం కాక ఇష్టం కోసం ఎగిరే మనిషికి మాత్రం అంత వెసులుబాటు లేదు. చోడవరానికి విమానాశ్రయం లేదు. దగ్గర్లో ఉన్నది విశాఖలో, అదీ నౌకాదళపు రన్‌వే. అయినా దైవానికీ మానవ ప్రయత్నానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న పాత ప్రశ్న, అన్ని అడ్డుతెరలూ తొలగి, ఆ చిన్న విమానం కాక్‌పిట్‌లోనే స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే దాన్ని అక్కడే పరిశీలించాలి.

ఎయిర్‌లైన్స్ విమానంలో బాధ్యత చాలామంది పంచుకుంటారు. ఇంజినీరు యంత్రాన్ని పరీక్షించి సంతకం చేస్తాడు. డిస్పాచర్ వాతావరణం, ఇంధనం లెక్క చూస్తాడు. పక్కన మరో పైలట్ ఉంటాడు. డ్యూటీ గంటలు దాటితే కంపెనీయే ఆపుతుంది. సొంత విమానమున్న పైలట్‌కు ఈ వ్యవస్థ అంతా తానే. మరమ్మతుకు డబ్బు ఇవ్వాల్సింది అతనే, దాన్ని వచ్చే నెలకు వాయిదా వేయగలిగినదీ అతనే. ఈ రోజు తనకు ఒంట్లో బాగుందో లేదో తేల్చేదీ అతనే. అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు సాధారణంగా కనీసం 40 గంటలు ఎగిరి ఉండాలి. ఏడాదికొకసారి విమానానికి తనిఖీ తప్పనిసరి. మనుషుల్ని ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో మూడుసార్లు టేకాఫ్, ల్యాండింగ్ చేసి ఉండాలి. పగటిపూట చేరాల్సిన చోటికి చేరాక ఇంకా అరగంటకు సరిపడా ఇంధనం మిగలాలి. చట్టం కోరేవి ఇలాంటి కనీస షరతులే. ఆపైన అతన్ని ఆపేవారు ఎవరూ ఉండరు. కర్తృత్వం ఇంతగా ఒకే మనిషి దగ్గర పోగుపడే పని లోకంలో అరుదు.

భగవద్గీత 18వ అధ్యాయం ఏ కర్మ నెరవేరడానికైనా అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం (ఆధారం), కర్త, కరణాలు (సాధనాలు), చేష్టలు (ప్రయత్నాలు), దైవం. ఈ వరుస గమనించదగింది. దైవాన్ని గీత కాదనలేదు. మొదట కూడా పెట్టలేదు. తక్కిన నాలుగింటి తర్వాత అయిదోదిగా పెట్టింది. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అని ధర్మరాజు అడిగినప్పుడు, భీష్ముడు బ్రహ్మ వసిష్ఠుడికి చెప్పిన మాటలను వినిపిస్తాడు. అందులో మానవ ప్రయత్నం క్షేత్రం, దైవం విత్తనం. దున్నని నేలలో విత్తనానికి పని లేదు. ఈ రెండు గ్రంథాల నుంచీ నేను తీసుకునే నిర్ణయం ఒకటే. మొదటి నాలుగు కారణాలకూ సమాధానం చెప్పుకోనివాడికి అయిదోదాన్ని పలికే అర్హత లేదు. వినాయకుడి ముందు కొట్టిన కొబ్బరికాయ ఆ నాలుగింటిలో దేనికీ బదులు కాదు.

చిన్న విమానం దగ్గర ఈ నాలుగూ ఎంత లౌకికమైన విషయాలో చూడండి. తీరప్రాంతపు తేమగాలిలో సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రికి నీటిబొట్లు పేరుకుంటాయి. పొద్దున ట్యాంకు అడుగు నుంచి కొంచెం ఇంధనం గాజుసీసాలోకి దించి, నీరుందేమో వెలుతురులో చూడాలి. ఇదే గాలి కార్బ్యురేటర్‌లో మంచు కట్టిస్తుంది, బయట మనకు ఉక్కపోస్తున్న రోజున కూడా. నాలుగు సీట్ల సెస్నా 172లో ట్యాంకులు నిండుగా నింపితే, కొత్త రకాల్లో సైతం మనుషులకూ సామానుకూ కలిపి మిగిలేది సుమారు 260 కిలోలు. నాలుగు సీట్లున్నాయని నలుగురు పెద్దవాళ్లను, వాళ్ల సంచులను ఎక్కిస్తే విమానం మాట వినదు. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉంది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి పలచబడి, అయిదు వేల అడుగులు దాటిన ఎత్తులో ఉన్నట్టు రెక్కకు తోస్తుంది. పరుగు పొడవవుతుంది, పైకి లేవడం మందగిస్తుంది. ఇవన్నీ ముందే తెలిసినవి, ముందే లెక్కగట్టగలిగినవి. లెక్క వేసుకోకుండా బయలుదేరి, కూలాక దాన్ని విధి అనడం దైవం మీద అభాండం వేయడమే.

అయినా తెలుగువాళ్లం తరచుగా చేసేది అదే. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ వెళ్లడానికి బెంగళూరు జక్కూరులో ఎక్కిన సెస్నా 180, పైకి లేచిన కొద్దిసేపటికే కూలింది. అందులోని నలుగురూ చనిపోయారు. ఇరవై ఏళ్లు దాటినా ఆమె గురించిన మాటల్లో జాతకం వినిపించినంతగా ఆ విమానం ఎందుకు కూలిందన్న ప్రశ్న వినిపించదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి హెలికాప్టర్ కైకలూరు దగ్గర కూలినప్పుడూ, 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 నల్లమలలో కూలినప్పుడూ మన నోట ఎక్కువగా వచ్చింది ఆయువు తీరిందన్న మాటే. రాజశేఖరరెడ్డి ప్రమాదం మీద దర్యాప్తు కమిటీ భిన్నంగా మాట్లాడింది. భారీ మేఘాలు కమ్మిన దారిలో ప్రయాణం, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వైపు మళ్లిన పైలట్ల దృష్టి, కిందికి తోసిన బలమైన గాలి అంటూ ఒకదానితో ఒకటి ముడిపడిన కారణాలను అది చూపింది. ఇవి సరదా ప్రయాణాలు కావు, నడిపింది వృత్తి పైలట్లు. అయినా ఎయిర్‌లైన్స్ వ్యవస్థ రక్షణ లేని చిన్న వాహనాలే. దుఃఖంలో ఉన్న మనిషి ఆయువు తీరిందని అనుకుంటే తప్పు పట్టకూడదు. ఒక సమాజం అక్కడితో ఆగిపోతే మాత్రం తర్వాత ఎగిరేవాడు ఏమీ నేర్చుకోడు.

నాలుగింటిలో అతి బలహీనమైనది కర్త. అమెరికాలో పైలట్ల సంఘం ఆవోపా ఏటా వెలువరించే నాల్ నివేదికలు చిన్న విమానాల ప్రమాదాల్లో సుమారు 70 శాతానికి పైలట్ వైపు లోపమే కారణమని చెబుతూ వస్తున్నాయి. ఆ లోపాల్లో ప్రాణాంతకమైనది, కంటితో దారి చూస్తూ ఎగరడం మాత్రమే తెలిసినవాడు మేఘంలోకి చొరబడటం. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఇలాంటి 20 మంది పైలట్లను మేఘంలాంటి పరిస్థితుల్లో పరీక్షించింది. ఇరవై మందీ అదుపు తప్పారు. అందుకు పట్టిన సగటు సమయం 178 సెకన్లు. కారణం పిరికితనం కాదు. దిగంతరేఖ కనబడకపోతే లోచెవి అబద్ధం చెబుతుంది. వంగి తిరుగుతున్న విమానం తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. మన దార్శనికులు ప్రత్యక్షాన్ని ప్రమాణంగా ఒప్పుకుంటూనే, భ్రాంతిని దాని నుంచి ఎలా వేరు చేయాలని శతాబ్దాల పాటు వాదించారు. మేఘంలోని పైలట్‌కు ఆ వాదం ప్రాణాల మీది పరీక్ష. ఒళ్లు చెప్పేదాన్ని పక్కనబెట్టి ఎదుటి పరికరాన్ని నమ్మగలగాలి. నేను గట్టిగా అనుభవిస్తున్నాను గనుక అది నిజం అనే అహంకారాన్ని వదలగలగాలి. అది సాధన లేనిదే రాదు.

చెక్‌లిస్టు పుట్టిందీ ఈ ఎరుకతోనే. 1935 అక్టోబర్ 30న అమెరికా రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 పైకి లేవగానే కూలింది. నడిపినవారు ఆరితేరిన పైలట్లు. నేల మీద ఉన్నప్పుడు గాలికి తోక భాగాలు ఊగకుండా బిగించే తాళాన్ని తీయడం మరిచారు. ఆ తర్వాతే, ఎంత అనుభవజ్ఞుడైనా కాగితం చూసి ఒక్కొక్కటీ సరిచూసుకోవాలన్న పద్ధతి స్థిరపడింది. ఇది పడమటి యాంత్రికత అనుకునేవారు మన వేదపాఠాన్ని తలచుకోవాలి. మంత్రం పవిత్రం గనుక దేవుడే కాపాడుకుంటాడని పూర్వులు ఊరుకోలేదు. పదం, క్రమం, జట, ఘనం అంటూ ఒకే మాటను ముందుకూ వెనక్కూ తిప్పి వల్లించి, ఒక్క స్వరం జారినా బయటపడేలా కట్టుదిట్టం చేశారు. జ్ఞాపకం జారుతుందని ఒప్పుకోవడం వాళ్లకు విశ్వాసలోపంగా తోచలేదు. ఎంత పవిత్రమైనదో అంత జాగ్రత్త అన్నదే వాళ్ల లెక్క.

భక్తుడు ఇక్కడ అభ్యంతరం చెబుతాడు. శివాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు కదా, అలాంటప్పుడు ఈ జాగ్రత్తలన్నీ నేనే చేస్తున్నానన్న గర్వం కాదా? తానొక్కడే కర్త అనుకునేవాడు సరిగా చూడలేనివాడని అదే గీత, అదే అధ్యాయంలో హెచ్చరిస్తుంది. నిజమే. ఆ హెచ్చరిక అయిదింటిలో కర్త ఒకటేనని చెబుతుంది, కర్త లేడని చెప్పదు. అంతా పైలట్ తప్పే అని తేల్చేయడం ఎంత పొరపాటో, అంతా దైవమే అనడమూ అంతే పొరపాటు. రెండూ అయిదు కారణాలను ఒకటిగా కుదించేవే. పైగా శివాజ్ఞ మన బుద్ధిని వదిలేసి బయట మాత్రమే పనిచేస్తుందనుకోవడానికి ఆధారం లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. విమానాశ్రయ టెర్మినల్ ఛిద్రమైంది. ఆ గాలిని ఆపడం ఎవరి తరమూ కాలేదు. కానీ అది వస్తోందని వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది, జనాన్ని తీరం నుంచి తరలించారు. తుపాను దైవాధీనమైతే, ముందే తెలుసుకోగలిగిన తెలివి కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఆ తెలివిని వాడనివాడు ఆజ్ఞను పాటించినవాడు కాడు.

హేతువాది అభ్యంతరం దీనికి ఎదురుదిక్కు నుంచి వస్తుంది. నాలుగు కారణాలూ చూసుకున్నాక పూజ ఎందుకు? 2019 విజయదశమి నాడు ఫ్రాన్స్‌లో తొలి రఫేల్ యుద్ధవిమానానికి ఆయుధపూజ చేసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినప్పుడు దేశమంతా ఈ వాదమే నడిచింది. పూజ ఇంజిన్‌ను బాగుచేయదని నేనూ ఒప్పుకుంటాను. కానీ నాలుగూ సరిచూసుకున్నాక కూడా కొంత మిగులుతుంది. లోపం కనబడని లోహం విరగవచ్చు, పక్షి తగలవచ్చు. ఆ మిగులును గుర్తుపెట్టుకున్నవాడు తన నైపుణ్యం మీద అతిగా వాలడు. వినయం పైలట్‌కు అలంకారం కాదు, రక్షణ. పూజ ఆ వినయాన్ని ఇస్తే అది సార్థకం. నాకేం కాదన్న ధీమా ఇస్తే అదే పూజ ప్రమాదకారణాల్లో చేరుతుంది. రెండింటినీ వేరు చేసే ఉదాహరణ మన శ్రీహరికోటలోనే ఉంది. ప్రయోగాలకు ముందు ఇస్రో అధినేతలు తిరుమలకూ సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికీ వెళ్లడం ఆనవాయితీ. 2019 జులై 15న చంద్రయాన్-2 ప్రయోగానికి 56 నిమిషాల ముందు రాకెట్‌లో లోపం కనిపించింది. రాష్ట్రపతి స్వయంగా చూడవచ్చిన రాత్రి అది. అయినా ఆపేశారు. లోపం సరిదిద్ది జులై 22న పంపారు. నమస్కారం నమస్కారంగా ఉంది, తనిఖీ తనిఖీగా ఉంది. ఒకటి రెండోదాని గొంతు నొక్కలేదు.

చనిపోయినవారి తప్పులు వెతకడం క్రూరత్వం కాదా అన్నది మూడో అభ్యంతరం. మనసున్న ప్రశ్నే. అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందపు 13వ అనుబంధం దర్యాప్తు ఏకైక లక్ష్యం ప్రమాదాలను నివారించడమేననీ, నిందమోపడం కాదనీ స్పష్టంగా చెబుతుంది. దీని పక్కన మన కర్మసిద్ధాంతపు వాడుకను పెట్టి చూడండి. ఏ జన్మలో ఏం పాపం చేశాడో అన్నప్పుడు మనం కంటికి కనబడని, రుజువు చేయలేని నేరాన్ని మృతుడికి అంటగడుతున్నాం. ఇంధనంలో నీరు చేరిందని చెప్పే నివేదిక అంతకన్నా ఎంతో దయగలది. అది అతని శీలాన్ని ముట్టదు, మరొకరి ప్రాణం మాత్రం నిలుపుతుంది.

ఇక చివరి అభ్యంతరం: అతని విమానం, అతని ప్రాణం, అతని సరదా, ధర్మం ప్రసక్తి ఎందుకు? పక్క సీటులో కూర్చునే భార్యకో, మేనల్లుడికో, స్నేహితుడికో ట్యాంకు సంగతి తెలియదు, బరువు లెక్క తెలియదు. వాళ్లు నమ్మింది యంత్రాన్ని కాదు, అతన్ని. కింద పొలంలో కలుపు తీసే మనిషి అసలు ఆ సరదాలో భాగస్థుడే కాదు. పరుల ప్రాణాన్ని వారి అనుమతి లేకుండా పణంగా పెట్టే హక్కును ఏ స్వేచ్ఛా ఇవ్వదు. జీవనోపాధికి ఎగిరేవాడికి వెళ్లక తప్పని రోజులుంటాయి. సరదాకు ఎగిరేవాడికి అలాంటి రోజు ఒక్కటీ ఉండదు. అందువల్లే అతని మీద ధర్మం బరువు తక్కువ కాదు, ఎక్కువ.

ఆచరణకు వచ్చేసరికి ఈ వాదం తేల్చే సంగతులు కొన్నే. విమానానికి పూజ చేయించుకోదలిస్తే వార్షిక తనిఖీ పూర్తయి, రాసిన లోపాలన్నీ సరిదిద్దిన రోజున చేయించుకోవాలి, అంతకుముందు కాదు. బయలుదేరే వేళకు ముహూర్తం పెట్టకూడదు. పెళ్లికి అందుకోవాలనో, పంచాంగం ప్రకారం గడియ దాటిపోతుందనో మేఘంలోకి దూరినవాడు శుభసమయాన్ని కాదు, తన తొందరను పూజించాడు. వ్రతం మొదలుపెట్టేటప్పుడు సంకల్పంలో దేశం, కాలం, ఋతువు, తన పేరు, చేయబోయే పని ఒక్కొక్కటీ చెప్పుకుంటాం. ఎక్కడున్నాను, ఏ వేళ, ఏ వాతావరణం, నేను ఎలా ఉన్నాను, ఎందుకు వెళ్తున్నాను అన్న ఈ అయిదు ప్రశ్నలనే పైలట్ రన్‌వే అంచున నిజాయితీగా వేసుకోవాలి. జవాబుల్లో ఒక్కటి తేడాగా ఉన్నా ఇంజిన్ ఆపేసి, ఎక్కినవాళ్లను దింపి, రేపు చూద్దామని చెప్పగలగాలి. విఘ్నేశ్వరుడు విఘ్నాలు తొలగించేవాడే కాదు, విఘ్నాలకు అధిపతి కూడా అని మన పెద్దలు నమ్మారు. ఆ నమ్మకమున్నవాడికి పొగమంచూ, తక్కువగా చూపే ఆయిల్ ప్రెషరూ అడ్డంకులు కావు, వినవలసిన మాటలు. వాటికి తలవంచి మానుకున్న ప్రయాణాన్ని, క్షేమంగా ముగిసిన ప్రయాణాలన్నిటికన్నా గొప్ప ఆరాధనగా నేను లెక్కిస్తాను.